హోప్‌వెల్ ఓడలో నెత్తురు మరక

ఫిబ్బా తలుపు తట్టలేదు. తోసుకుని లోపలికొచ్చి పిన్నాక్ కాళ్ళ దగ్గర కూలబడింది.

“రేపు పొద్దున్నే నా మొగుణ్ణి ఉరి తీస్తారంట బాబూ! ఆడు కెప్టెన్ని చంపలేదు. కోడిని కొయ్యమంటేనే మొహం తిప్పుకునే మనిషి. ఆడు లేకపోతే నాకెవరున్నారు?”

లియాండర్ పిన్నాక్ ఒకప్పుడు పోర్ట్ రాయల్ రేవులోకి ఓడలకు దారి చూపినవాడు. తల్లి బానిస, తండ్రి తెల్లవాడు. అతను మాత్రం స్వతంత్రుడు. మోకాలు దెబ్బతిన్నాక, పోయిన సరుకునూ కనపడని మనుషులనూ వెతికిపెట్టడమే వృత్తిగా పెట్టుకున్నాడు. అతని సహాయకుడు ఎఫ్రాయిం దృష్టిలో పిన్నాక్‌కి తెలియనిది దేవుడికి కూడా తెలియదు.

సంగతి ఊరంతటికీ తెలిసిందే. హోప్‌వెల్ ఓడ కెప్టెన్ ట్రెగీర్ నిన్న తెల్లారేసరికి తన గదిలో తల పగిలి చచ్చి పడి ఉన్నాడు. పక్కన క్వాకో సుత్తి. ఫిబ్బా మొగుడు క్వాకో ఆ కెప్టెన్‌కి బానిస. ఓడ పలకల సందుల్లో నార కూరి తారు పూసేవాడు. ఆ రాత్రి ఓడలో కాపలా ఉన్నది అతనొక్కడే. బానిసల కోర్టుకి అంతకన్నా ఏం కావాలి? ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఈ ఊళ్ళో ఏ నేరమైనా చివరికి నల్లవాడి మెడకే చుట్టుకుంటుంది.

ఓడ దగ్గర నావికుల మేస్త్రీ, సరంగు గార్బట్ అడ్డం నిలబడ్డాడు.

“తీర్పయిపోయాక ఇంకేం వెతుకుతావోయ్? ఉరితాడు కొలతకొచ్చావా?”

“ఊరికే చూసిపోతాను, సరంగు గారూ. కెప్టెన్ గారిని ఆఖరున చూసింది మీరేనట?”

“అవును. కోర్టులో ప్రమాణం చేసి చెప్పా. మొన్న పగలంతా ఓడను ఎడంపక్కకి పడుకోబెట్టి అడుగున పట్టిన నాచు గీకించాం. పొద్దుగూకాక నిలబెట్టాం. అప్పుడాయనా నేనూ ఆయన గదిలో కూర్చుని రమ్ము తాగాం. నవ్వుతూ సాగనంపాడు, పాపం.”

“పగలు క్వాకో ఎక్కడున్నాడు?”

“కింద తెప్ప మీద, అడుగుకి తారు పూస్తూ. రేవంతా చూసింది.”

గదిలో శవం లేదు. అది పడి ఉన్న చోట, నేల నడిమధ్యన, చిన్న మరక మాత్రం ఉంది. అసలు నెత్తురంతా ఎడమ గోడ మూలన గడ్డకట్టి, గోడ పలకల మీదికి జానెడు ఎత్తు పాకి ఉంది.

“గోడకేసి కొట్టుంటారండీ,” అన్నాడు ఎఫ్రాయిం.

పిన్నాక్ గోడ మీది మరకని జానతో కొలిచాడు. అక్కడినుంచి రేవు కొట్టానికి వెళ్ళాడు. ఓడ అడుగు గీకేముందు దించిన సరుకంతా అక్కడే ఉంది. ఒక తుపాకిమందు పీపా బిరడా పీకి చెయ్యి పెట్టాడు. ఇసుక. పక్కదానిలోనూ ఇసుకే.

“మేజిస్ట్రేటు లాయిడ్ దొరని పిలుచుకురా. కెప్టెన్ భార్యనీ, సరంగునీ కూడా. క్వాకోని తీసుకురమ్మను,” అన్నాడు. ఎఫ్రాయిం పరిగెత్తాడు. పొద్దు వాలుతోంది.

అందరూ కెప్టెన్ గదిలో చేరారు. క్వాకో సంకెళ్ళతో ఇద్దరు భటుల మధ్య గుమ్మం దగ్గర నిలబడ్డాడు, వెనక ఫిబ్బా.

“ఏం సాక్ష్యం తెచ్చావోయ్?” గార్బట్ నవ్వాడు. “తెల్లవాడి మీద మీవాళ్ళ మాట చెల్లదు.”

“నా మాటా చెల్లదు. అందుకే మీ మాటే సాక్ష్యం చేసుకుంటున్నాను.” పిన్నాక్ గది మధ్యలో గ్లాసెడు రమ్ము ఒంపాడు. అది ఒంపిన చోటే మడుగు కట్టింది. “చూశారా దొరగారూ? నిలబడ్డ ఓడలో నెత్తురైనా ఇంతే. అది అంత దూరం పోయి గోడెక్కాలంటే ఓడ ఎడంపక్కకి పడుకుని ఉండాలి. అంటే కెప్టెన్ పట్టపగలే పోయారు. అప్పుడు క్వాకో తెప్ప మీద ఉన్నాడు, రేవంతా చూసింది. మరి పొద్దుగూకాక మీతో రమ్ము తాగిందెవరు, సరంగు గారూ? శవమా?”

గార్బట్ గుమ్మం వైపు జరిగాడు.

“ఓడ ఒరగబెట్టాలంటే సరుకు దించాలి. దించితే తుపాకిమందు పీపాల్లో ఇసుక బయటపడింది. ఓడలో ఆ పీపాల గది తాళం ఉండేది మీ దగ్గరే. మందు ఓడదొంగలకి అమ్ముకున్నారు. నలుగురిలో అడగలేక కెప్టెన్ మిమ్మల్ని ఈ ఖాళీ ఓడలోకి పిలిచారు. చంపి, ఓడ నిలబెట్టాక శవాన్ని మధ్యకి లాగి, పక్కన సుత్తి పెట్టారు.”

గార్బట్ చెయ్యి నడుం కత్తి మీదికి పోయింది. భటులు విరుచుకుపడి పట్టుకున్నారు.

“ఉరి రద్దు,” అన్నాడు లాయిడ్ దొర. ఫిబ్బా మొగుడి సంకెళ్ళు పట్టుకుని బావురుమంది.

ట్రెగీర్ దొరసాని కళ్ళు తుడుచుకుంది. “పోనీలెండి, న్యాయం జరిగింది. కానీ ఈ క్వాకోని చూస్తే ఆయనే గుర్తొస్తారు. ఇంట్లో పెట్టుకోలేను. దీవి అవతల చక్కెర తోటలకి అమ్మేయండి.”

“మీ సొత్తు, మీ ఇష్టం,” అన్నాడు మేజిస్ట్రేటు.

ఫిబ్బా వేరే యజమాని బానిస. ఆమె వెంట వెళ్ళే వీల్లేదు. పిన్నాక్ వైపు తిరిగింది.

“బాబూ, చాటుమాటున నేరం చేసినోణ్ణి పట్టుకున్నారు. ఇది అందరి ముందరే చేస్తన్నారు గదా. పట్టుకోండి బాబూ!”

ఎఫ్రాయిం ఆశగా పిన్నాక్ వైపు చూశాడు. పిన్నాక్ తల దించుకున్నాడు. క్వాకోని పడవ ఎక్కించారు.