డబ్బా అడుగు పిండి

"పిల్లకు విషం పెట్టే మొగమేనా సారూ నాది?"

1968 జులై ఆఖరులో ఒక ఉదయం తార్నాకలోని తన గదిలో ప్రైవేటు డిటెక్టివ్ చెన్నకేశవులు కాఫీ గ్లాసు పట్టుకుని ఈ ప్రశ్న విన్నాడు. అడిగింది భారతమ్మ, యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. అసిస్టెంటు ఉప్పలయ్య ఆమెకు మంచినీళ్ళిచ్చాడు.

రమాదేవి అనే విద్యార్థినికి గోధుమ పడదు. రవ్వంత తగిలినా మంచం పట్టాల్సిందే. అందుకని భారతమ్మ ఆమెకు కూరగాయల కట్లెట్లు విడిగా చేసిపెడుతుంది. మూకుడు వేరు, నూనె వేరు, ముద్ద విడిపోకుండా కలిపేది బియ్యప్పిండి. అయినా మూడు రోజుల కిందట అవి తిని రమాదేవి ఆసుపత్రి పాలైంది. మైదా కలిపావంటూ వార్డెన్ ఈశ్వరమ్మ రేపటి నుంచి రావద్దంది.

"నౌకరీ పోతే పోయె. ఈ పేరుతోని లాలాపేట్ల ఎట్ల తిరగాలె సారూ?" భారతమ్మ ఏడ్చేసింది.

"ఇదివరకు ఇలా అయిందా?"

"పోయిన నెల ఆఖరుల అయింది. నెల మొదట్ల మంచిగనే తిన్నది."

"బియ్యప్పిండి ఎక్కడిది?"

"పిండి గిర్నిల నేనే పట్టిస్త. డబ్బా నేరుగ కింద పెట్టి పట్టుకుంట. ఎవ్వల చెయ్యి తగలనియ్య. నెలకు ఒక్క డబ్బా."

"ఇప్పుడెంత ఉంది?"

"అడుగున రెండు గుప్పిళ్ళు."

చెన్నకేశవులు గ్లాసు కింద పెట్టి లేచాడు.

హాస్టల్ వంటగదిలో ఉప్పలయ్య ఉప్పు, కారం, నూనె అన్నీ వాసన చూసి, అటక మీద మైదా డబ్బా కనబడగానే, "దొరికింది సార్!" అని కేక పెట్టాడు.

"మూత మీద దుమ్ము చూడవయ్యా మహానుభావా. నెలల తరబడి ఎవరూ ముట్టలేదు," అన్నాడు చెన్నకేశవులు. ఉప్పలయ్య నాలిక కరుచుకున్నాడు. గురువుగారి కళ్ళకు ఆ దుమ్ము ముందే ఎలా కనిపించిందా అని పిండిమరకు వెళ్ళే దారంతా ఆశ్చర్యపోతూనే ఉన్నాడు.

మాణికేశ్వర్ నగర్‌లో పిండిమర నడిపే రాజలింగు ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"భారతమ్మను లైన్ల నిలబెడ్తమా సారు! పడని పిల్లకోసమని అందరికి ఎరుకే. బియ్యపోళ్ళు, గోధుమలోళ్ళు ఎవ్వలున్నా జరుగుతరు. వచ్చుడే ఆలస్యం, ఆమెది పోస్త."

ఆ సాయంత్రం చెన్నకేశవులు వార్డెన్‌నూ, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన రమాదేవినీ, రాజలింగునూ వంటగదికి పిలిపించాడు. డబ్బా అడుగు పిండితో ఒక ముద్ద, ఉప్పలయ్య చేత రోట్లో దంచించిన బియ్యప్పిండితో ఒక ముద్ద చేసి, చెరొక గుడ్డలో మూటకట్టి నీళ్ళలో పిసికాడు. దంచిన పిండి మొత్తం గుడ్డలోంచి నీళ్ళలోకి జారిపోయింది. డబ్బా పిండి కట్టిన గుడ్డలో జిగురు ముద్ద మిగిలింది. వేళ్ళతో లాగితే సాగింది.

"బియ్యం ఇలా సాగదు, గోధుమ సాగుతుంది," అన్నాడు. "మర రాళ్ళ మధ్య ముందటి పిండి కొంత నిలిచిపోతుంది. తరువాత పోసిన గింజ దాన్ని బయటికి తోస్తుంది. మామూలుగా బియ్యంవాళ్ళు ఒకరి వెనక ఒకరు పిండి పట్టించుకునేది అందుకే. భారతమ్మ రాగానే వరుస తప్పించి, గోధుమలు ఆడిన వెంటనే ఆమె బియ్యం పోశారు. మొదట వచ్చిన గోధుమపిండి డబ్బా అడుగున పడింది. నెలంతా పైపిండి వాడినన్నాళ్ళూ ఏమీ కాలేదు."

"అయితే తప్పెవరిది?" ఈశ్వరమ్మ అడిగింది.

"ఈ అమ్మాయి మీద జాలిపడి దారిచ్చిన వాళ్ళందరిదీ."

రాజలింగు తల దించుకున్నాడు. "తొందరపడ్డాను భారతమ్మా. రేపు మామూలుగా రా," అంది వార్డెన్.

భారతమ్మ ముఖంలో సంతోషం లేదు. నేల మీద కూలబడిపోయింది. "వాళ్ళు జరిగితే నేనే ముందుకు ఉరికిన మేడమ్. పెట్టింది నా చెయ్యే గదా!"

రమాదేవి వచ్చి ఆమె పక్కనే కూర్చుంది.

"వార్డెన్ గారికి నీ పేరు చెప్పింది నేనే. ఇప్పుడు నాకు ఆకలైతాంది. రోట్లో దంచిన పిండి ఇంకా ఉందిగా, దాంతో రెండు కట్లెట్లు చెయ్యి."

"భయం లేదా బిడ్డా?"

"ఉంది. అయినా చెయ్యి. నీ చేతివే తింటా."