మేక ఎడమ ముందు కాలు

చచ్చిన మేక ముందు కాలు ఎంత సులువుగా చేతికి వచ్చేస్తుందో వెటర్నరీ కాలేజీలో చదివేవాళ్లకి తెలుస్తుంది. కాలికీ ఒంటికీ మధ్య కీలు లేదు, కలిపే ఎముక లేదు. కొన్ని కండరాలు పట్టుకుని ఉంటాయి, అంతే. వాటిని కోస్తే కాలు ఊడి వస్తుంది.

మన కుర్రాడు పది నిమిషాల్లో కోసేశాడు. క్లాసంతా అతన్ని 'తొందర' అని పిలవడం ఊరికే కాదు మరి.

"ఏంటది చేతిలో?" అని వెనక నుంచి ఓ అమ్మాయి గొంతు.

"కుడి కాలు. నా వాటా పని అయిపోయింది!"

"కుడి అంటే నీకా, మేకకా?"

తొందర చేతిలో కాలుని చూశాడు, మేకని చూశాడు. మేక వెల్లకిలా ఉంది. తను తోకవైపు నుంచున్నాడు. తనకి కుడి పక్కన ఉన్నది మేకకి ఎడమ! మీద కప్పిన తడిగుడ్డ తీసినప్పుడు 'అబ్బ, ఎంత శుభ్రంగా ఉందో' అనుకున్నాడే గానీ, ఎందుకుందో ఆలోచించలేదు. ఆ ఎడమ పక్కని పదిహేను రోజులు కూర్చుని, ఒక్కో కండరాన్నీ విడదీసి పెట్టింది ఈ అమ్మాయి. నాలుక పదును చూసి అందరూ ఆమెని 'స్కాల్పెల్' అంటారు, కోత కత్తి అని.

కానీ స్కాల్పెల్ ఈసారి తిట్టలేదు. స్టూలు మీద కూలబడింది. తొందరకి అసలు భయం అప్పుడు వేసింది.

"అరగంటలో వైవా," అంది నీరసంగా. "ఎగ్జామినర్ ముందు నాకు మాట రాదు. పోయినసారి అందుకే తప్పాను. ఈసారి వేలితో చూపించైనా పాసవుదామనుకున్నా. ఇప్పుడూ పోతే ఏడాది పోతుంది."

ఆమె కళ్లలో నీళ్లు చూసి తొందర ప్రాణం విలవిల్లాడింది. కుడి పక్క ఇంకా తోలు కూడా తీయలేదు.

"నేనే మేకనవుతా," అన్నాడు.

"ఏంటీ?"

"రంగు బ్యాండేజీలు ఉన్నాయిగా. కండరాలన్నీ నా మీద అతికించు. కానివ్వు!"

వేరే దారి లేదు. అతను పక్క టేబుల్ ఎక్కి నాలుగు కాళ్ల మీద నిలబడ్డాడు. ఆమె అతని చొక్కా మీద పట్టీలు అతికించింది. చంక కింద అతికిస్తుంటే అతను కితకితలకి మెలికలు తిరిగాడు.

"కదలకు! మేక నవ్వదు."

వానలో తడుస్తూ ఎగ్జామినర్ వచ్చాడు. "ఏదమ్మా స్పెసిమెన్?"

ఆమె నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"నేనే సర్," అంది మేక.

పెద్దాయన కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. మేక అలాగే ఉంది. "సరే. ఈ ఎర్ర పట్టీ ఏమిటి?"

ఆమె పట్టీ మీద వేలు పెట్టింది. మాట రాలేదు. తొందరకి ఆగలేదు.

"అది లాటిసిమస్ డోర్సీ కదా?" అని గొణిగాడు.

"లాటిసిమసా? నీ మొహం!" స్కాల్పెల్ గిర్రున తిరిగింది. "ట్రపీజియస్! మెడ నుంచీ వెన్ను నుంచీ వచ్చి భుజం ఎముకని పైకి లాగుతుంది. ఏదడిగినా భుజాలెగరేస్తావే, దాంతోనే! లాటిసిమస్ ఈ పచ్చది. కాలుని వెనక్కి లాగుతుంది."

ఓహో, కిటుకు ఇదన్నమాట! తొందర ముఖం వెలిగింది. "మరి చంక కిందది పెక్టోరల్ అనుకుంటా."

"అనుకుంటావు! సెరాటస్ వెంట్రాలిస్ అది! పక్కటెముకల నుంచి భుజం ఎముక లోపలి వైపుకి పోతుంది. రెండు పక్కలా రెండూ కలిసి ఒంటిని ఉయ్యాలలో వేసినట్టు మోస్తాయి. అది తెగితే మేక దభీమని కూలబడుతుంది. ఇందాక నువ్వు కోసిపారేసింది దాన్నే, బుద్ధిలేనోడా!"

"బాగుంది," అన్నాడు ఎగ్జామినర్, కుర్చీ దగ్గరికి లాక్కుని. "ఈ మేకకీ అసలు మేకకీ తేడా?"

"వీడికి... ఇతనికి కాలర్‌బోన్ ఉంది సర్. మేకకి లేదు. ఇంకోటి, మేకకి కుడి ఎడమలతో పనిలేదు. వీడికి ఉండి కూడా తెలియవు."

పెద్దాయన నవ్వాపుకుంటూ మార్కులు వేశాడు. "పాసయ్యావమ్మా. ఇక మేకని దింపు," అని వెళ్లిపోయాడు.

మేక దిగలేదు.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం," అన్నాడు తొందర, అలాగే మోకాళ్ల మీద ఉండి. "మొదటి రోజు నుంచీ. దిగితే ధైర్యం పోతుందని ఇక్కడే చెప్పేస్తున్నా."

ఆమె ముఖం పట్టీ కంటే ఎర్రబడింది. గబగబా ఫోన్ తీసింది. "అమ్మా! పాసయ్యాను! ఒకతను మేకై నన్ను గట్టెక్కించాడు... ఆఁ, అతనే. రోజూ చెప్తానే, ఆ వెధవే."

అవతల అమ్మ ఏదో అంటోంది. ఆమె పెదవి కొరుక్కుంది.

"ఏమంటున్నారు?" తొందర మెడ చాచాడు.

"మూడు నెలలుగా ఇంట్లో అన్నం దగ్గర వాడి కబుర్లే, ఆ అబ్బాయిని ఎప్పుడు చూపిస్తావే అంటోంది."

తొందర కాళ్లూ చేతులూ పట్టు తప్పి టేబుల్ మీద దభీమని కూలబడ్డాడు.