గోడ మీది కాటి సీను

సారవ్వ తడిగుడ్డతో కిటికీ చువ్వలు తుడుస్తోంది. గుడ్డ నల్లబడగానే బకెట్లో జాడించి మళ్లీ తుడుస్తోంది. గోదావరిఖనిలో బొగ్గు దుమ్మును రెండు పూటలా తుడవాల్సిందే.

పోలీసులు వచ్చినా ఆమె చెయ్యి ఆగలేదు.

ఎస్సై యమున గోడకేసి చూసింది. మేకు ఉంది. బొమ్మ లేదు.

"ఏం బొమ్మ?"

"వాటర్ కలర్ మేడం," అన్నాడు సారవ్వ భర్త రాజం. బొగ్గుబాయి పనిలో రిటైరైన మనిషి. "పద్యనాటకంల కాటి సీను. కాటికాపరి ఏషం నాది. కొడుకు శవం మీద పడి ఏడ్సే రాణి ఏషం మా దోస్తు రఘుపతిది. పాపం, పోయిండు. అద్దం ఫ్రేము కట్టించిన. ఎత్కపోయింది ఈడే!"

గుమ్మం దగ్గర నిలబడ్డ కుర్రవాడు ఉలిక్కిపడ్డాడు. సంపత్. రఘుపతి కొడుకు.

"ఈ పిల్లగాడెందుకు ఎత్కపోతడు?" అంది యమున.

"మస్తుసార్లు అడిగిండు. నేనియ్యలే."

"నాయిన ఏషం కట్టిన బొమ్మ గదొక్కటే మేడం. అడిగిన. తియ్యలే. సోమవారం డ్యూటీల జాయిన్ కావాలె. కేసైతే నౌకరి పోతది కాకా!"

"అది ముందే యాదికుండాలె," అన్నాడు రాజం.

యమున రాజం వైపు తిరిగింది.

"ఆఖరుసారి ఎప్పుడు చూసినవ్?"

"నిన్న పగటిపూట, మార్కెట్‌కు పోయేటప్పుడు. రెండింటికి ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగ్ అయింది, మార్కెట్ల షాపులు సుత అదిరినై. ఇంటికొచ్చేసరికి లేదు."

"ఇంట్ల ఎవరున్నరు?"

"మా ముసల్ది. దుమ్ము తప్ప దానికేం ఎరుక?"

"సంపత్ వచ్చిండా అవ్వా?"

సారవ్వ గుడ్డ పిండింది. "యాదికి లేదు బిడ్డా."

యమునకు కాలు నిలవలేదు. గదంతా తిరిగింది. దేవుడి పటాల అద్దాలు తళతళలాడుతున్నాయి. పెరట్లోకి వెళ్లింది. దండెం మీద ఇంకో గుడ్డ. చెత్తబుట్టలో ఓ కాగితం పొట్లం. విప్పి చూసింది. గబగబా లోపలికి వచ్చింది.

"కాకా, దొంగ అద్దంతోనే ఎత్కపోతడు గదా. అద్దం పెంకులు మీ చెత్తబుట్టల ఎందుకున్నయి?"

సారవ్వ చెయ్యి మొదటిసారి ఆగింది.

"బ్లాస్టింగ్‌కు అద్దం పగిలింది. పెంకులు తీసినవ్. బొమ్మ మీద దుమ్ము పడ్డది. రోజూ అద్దం తుడిచినట్టే తడిగుడ్డతోని తుడిచినవ్. నీళ్ల రంగాయె, లేసొచ్చింది. బొగ్గు దుమ్ము తుడిస్తే నలుపే అంటాలె. దండెం మీది గుడ్డకు ఎరుపెక్కడిది అవ్వా?"

సారవ్వ బియ్యం డ్రమ్ము వెనక నుంచి ఫ్రేము తీసింది.

"తిడ్తడని దాచిన. సంపత్ మీద పెడ్తడనుకోలే. పోలీసులొచ్చినంక నోరు రాలే బిడ్డా."

కాటికాపరి చెక్కుచెదరలేదు. రాణి ముఖం ఉండాల్సిన చోట ఎర్రటి మరక.

రాజం ఫ్రేమును అందుకున్నాడు. "కేసు లేదు మేడం." ఫ్రేమును సంపత్ వైపు చాపాడు. "తీస్కపో బిడ్డా సంపత్. నీదే."

సంపత్ అందుకున్నాడు. మరక మీద వేలు పెట్టబోయి ఆగాడు. బొమ్మను మళ్లీ మేకుకే తగిలించాడు. చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.