లువాకు పెట్టిన చేపసారం

"ఇవాళ మీ అక్క లువా తద్దినం అయిపోగానే పెరట్లో పీపా బిరడా పీకెయ్యి నాయనా. మొత్తం కాలవలోకి పోనీ..."

కొడుకు ఖాయ్ పడవ దిగి ఇంట్లో కాలు పెట్టాడో లేదో, న్యాన్ చెప్పిన మొదటి మాట అది! మాంసం కడుగుతున్న కోడలు థోవా చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి.

ఫాన్ థియెట్ రేవు వెనక వీధిలో న్యాన్ చేపసారం అంటే తెలియని ఇల్లు లేదు. నెత్తళ్ళూ ఉప్పూ కలిపి చెక్క పీపాలో ఏడాది మాగబెడితే చుక్కచుక్కగా దిగే ఆ ఎర్రటి సారంతోనే భర్త పోయాక ఆవిడ ఇల్లు నడిపింది, కొడుకుని పెంచింది. ఒకప్పుడు పెరడంతా పీపాలే. ఇప్పుడు మిగిలింది ఒక్కటే. థోవా కాపురానికొచ్చిన వారంలోనే అత్తగారు దాన్ని నింపి, "ఇందులో మొదటి చుక్క నా కోడలి పురిటికి" అని మురిసిపోయింది. కన్నతల్లి కూడా అంత ముందుచూపుతో ఏం చేస్తుంది!

కానీ ఆ మొదటి చుక్కకు ఎంత మర్యాద జరిగిందో థోవాకే తెలుసు... పాప పుట్టిన వారానికే టీవీలో ఆ వార్త వచ్చింది. ఇళ్ళలో చేసే చేపసారంలో పాషాణం ఉందట! పరీక్ష చేయించారట! పొద్దున్నా సాయంత్రం అదే మోత. వార్త అయిపోగానే అదే తెరమీద ఒక అందమైన తల్లి, చంకలో బొద్దుగా ఉన్న పిల్లాడు, చేతిలో ఫ్యాక్టరీ సీసా. "మీ పాపకు శుభ్రమైనదే పెట్టండి" అని ఆ తల్లి నవ్వేది. పచ్చి బాలింతరాలు, తొలిచూలు... ఆ నవ్వు చూసినప్పుడల్లా థోవా పాపను దగ్గరికి లాక్కునేది. ఆ మధ్యాహ్నమే న్యాన్ మిరియాలు దంచి, మొదటి సారం పోసి వండిన పందిమాంసం కూర మట్టిగిన్నెలో పొగలు కక్కుతుండగా తెచ్చి మంచం పక్కన పెట్టింది. చూడటానికొచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళందరి ముందూ థోవా గిన్నెను పక్కకు నెట్టేసింది.

"ఆ విషం తిని నా బిడ్డకు పాలెట్లా ఇవ్వను అత్తయ్యా?"

అత్తగారు గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే అంగడికెళ్ళి ఫ్యాక్టరీ సీసా కొనుక్కొచ్చి, కోడలికి దానితోనే వండిపెట్టింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. సొంత కోడలే అది విషమందట అన్న మాట వీధంతా పాకింది. రోజూ వచ్చే బేరాలు ఆగిపోయాయి. న్యాన్ కొత్తగా నెత్తళ్ళు కొనడం మానేసింది, అంగడికి వెళ్ళడం మానేసింది, టీవీ పెడితే లేచి పెరట్లోకి పోయేది. రానురానూ తిండి కూడా తగ్గించేసింది. అత్తయ్యకు నా మీద కోపం, ఉండదా మరి, అనుకునేది థోవా.

నెల కిందట అదే టీవీలో ఇంకో వార్త వచ్చింది. సముద్రంలో బతికే ప్రతి చేపలోనూ సహజంగా ఉండే, ఎవరికీ హాని చెయ్యని దాన్ని చూపించి పాషాణమని బెదరగొట్టారట. ఆ పరీక్షకు డబ్బిచ్చింది కూడా ఆ సీసా సారం అమ్మే కంపెనీయేనట! ఆ సీసాలో ఉన్నది చాలావరకు ఉప్పునీళ్ళు, రంగు, తీపి, వాసన... చేప పేరుకే! మొదటి వార్త నెలల తరబడి మోగింది, ఇది మాత్రం ఒక్క పూటతో సరి. విన్న థోవా సిగ్గుతో చచ్చిపోయింది. అత్తగారి కాళ్ళమీద పడాలని రోజూ అనుకునేది, ఏ ముఖం పెట్టుకుని పడను అని రోజూ వెనక్కి తగ్గేది. ఊరందరికీ తెలిసింది, ఆవిడకూ తెలిసే ఉంటుందిలే అని సరిపెట్టుకుంది.

ఇవాళ ఆవిడ పీపా ఖాళీ చేయమంటుంటే ఇక ఆగలేకపోయింది. పాపను చంకనేసుకుని ముందుగదిలోకి వెళ్ళింది. గోడకున్న పీటమీద తొమ్మిదేళ్ళకే జ్వరంతో పోయిన ఆడపడుచు లువా ఫొటో. దాని ముందు అన్నం, ఉడికించిన మాంసం, లువాకు ఇష్టమైన, గిన్నె అడుగున అంటిన అన్నపు మాడుచెక్క. అత్తగారు మధ్యలో చిన్న చిప్ప పెట్టి, అందులోకి సారం వంపుతోంది... ఫ్యాక్టరీ సీసాలోంచి!

"ఈసారి నా చేతిది కాదులే తల్లీ," అంటోంది న్యాన్, ఊదొత్తుల పొగలో కళ్ళు తుడుచుకుంటూ. "భయపడకుండా తిను. నాకు తెలియక పెట్టాను. రోజూ మాడుచెక్క మీద పోసిమ్మని ఏడిపించేదానివి... పోసిచ్చాను. నిన్ను నేనే చంపుకున్నానమ్మా."

ఇదా! ఇన్నాళ్ళూ ఈ తల్లి కడుపులో రగిలింది కోడలిమీద కోపం కాదు. కన్నకూతుర్ని తన చేతులతోనే చంపుకున్నానన్న చిచ్చు! ఆ చిచ్చు అంటించిన మాట ఎవరిది? విషం అన్నది ఎవరు?

"అత్తయ్యా, అది అబద్ధం..." అంటూ అక్కడే కూలబడింది థోవా. ఏడుస్తూ, తడబడుతూ అంతా చెప్పింది. నెల్నాళ్ళుగా తెలిసి కూడా సిగ్గుపడి నోరు విప్పలేదని కూడా చెప్పింది. పీపా బిరడా ఊడగొట్టడానికి తెచ్చిన సుత్తితో ఖాయ్ గుమ్మంలో నిలబడిపోయాడు.

న్యాన్ అంతా విని, మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"అప్పుడు చెప్పిందీ ఆ టీవీయే, ఇప్పుడు చెప్పేదీ ఆ టీవీయే. అప్పుడు అబద్ధమాడినవాళ్ళు ఇప్పుడు నిజం చెబుతున్నారని నేనెట్లా నమ్మేది? నన్ను ఊరడించడానికి నువ్వంటున్నావు. లే అమ్మాయ్, పాప ఏడుస్తోంది."

నిజమే కదా! ఒకసారి మోసపోయిన మనసు దేన్ని నమ్ముతుంది? థోవా లేచింది. పెరట్లోకి వెళ్ళి పీపా కుళాయి కింద గరిటె పట్టింది. ముందు తను తాగింది. ఉప్పదనం నాలుకను కోసి, వెనకే తియ్యదనం గొంతులోకి దిగింది. తర్వాత వంటింట్లో పాపకోసం చల్లార్చిన బియ్యపు జావలో ఒక చుక్క వేసి, అత్తగారి ఎదుటికొచ్చి కూర్చుని, చెంచా పాప నోటి దగ్గర పెట్టింది.

న్యాన్ చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది.

"వద్దు... దాన్ని కూడానా? వద్దమ్మా!"

"నేనూ తల్లినే అత్తయ్యా," అంది థోవా. "నా నోట్లోనైతే మొండికి పోసుకుంటాననుకుందురు. బిడ్డ నోట్లో ఏ తల్లి పెడుతుంది, అది నిజం కాకపోతే?"

న్యాన్ కోడలి కళ్ళలోకి చూసింది. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి. పాప చెంచా చప్పరించి, మొహం చిట్లించి, ఇంకా కావాలని రెండు చేతులూ చాచింది. అది చూసి ఆ ముసలిది నవ్వబోయి, భోరుమంది. బిడ్డ పోయిననాడు కూడా అంత బిగ్గరగా ఏడ్చి ఉండదు! ఏడుస్తూనే పాపను లాక్కుని గుండెలకు హత్తుకుంది.

"నేను కాదన్నమాట. నేను కాదు కదూ అమ్మాయ్?"

"మీరు కాదు. ఎన్నటికీ కాదు."

తర్వాత ఆవిడే లేచింది. పీటమీది చిప్ప తీసి, అందులోది గుమ్మరించి, మూడుసార్లు కడిగింది. పీపా దగ్గరికెళ్ళి నింపుకొచ్చి కూతురి ముందు పెట్టింది. "ఇదిగో తల్లీ, నీ అమ్మ చేతిది," అంది. ఖాయ్ తెచ్చిన సుత్తిని చడీచప్పుడు లేకుండా మంచం కిందికి తోసేశాడు.

థోవా ఫొటో ముందు ఊదొత్తి వెలిగించి మోకరిల్లింది. తను ఎన్నడూ చూడని ఆ పిల్లకు మనసులోనే దండం పెట్టుకుంది. నీవల్లే వదినా, నీ తద్దినం రాకపోతే ఈ పిరికిదానికి నోరు పెగిలేది కాదు, మీ అమ్మను నాకు తిరిగి ఇచ్చావు, అనుకుంది.

భోజనాలకు కూర్చున్నాక వంటింట్లోంచి మిరియాల ఘాటు వచ్చింది. న్యాన్ మట్టిగిన్నె తెచ్చి కోడలి ముందు పెట్టింది. అదే గిన్నె. అదే కూర.

"పురిటికి పెట్టాల్సింది," అంది అత్తగారు. "ఆరునెలలు ఆలస్యమైంది. తింటావా?"

థోవా గిన్నెను రెండు చేతులా దగ్గరికి లాక్కుంది. కన్నీళ్ళు కూరలో పడుతున్నా తుడుచుకోకుండా అడుగుదాకా తిని, చివరికి ఖాళీ గిన్నె చాచింది.

"ఇంకొంచెం పెట్టండి అత్తయ్యా. మీరూ నాతోపాటే తినాలి."

ఆరునెలలుగా తిండి తగ్గించేసిన న్యాన్ కంచం ముందుకు జరుపుకుంది.