బర్డెట్ తిన్నె మీద మూడో లెక్క

ఒహాయో నది మధ్యలో బర్డెట్ తిన్నె అని ఒక ఇసుకమేట ఉంది. అక్కడ మా పడవవాళ్లెవరూ మూడు దాకా లెక్కపెట్టరు. ఒకటి, రెండు... ఆగి, మళ్లీ ఒకటి. నవ్వేవాళ్లు నవ్వండి. మా ఎబెన్ మామ పలక మీద రాసి చూపించింది చదివాక నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ ఇసుకలోనే ఒక తెల్లవారుజామున లాయరు పోగ్, లాయరు బర్డెట్ పిస్తోళ్లతో ఎదురెదురుగా నిలబడ్డారు. కోర్టులో బర్డెట్ అందరి ముందూ పోగ్‌ని అబద్ధాలకోరు అన్నాడట. అదీ తగువు. మూడు అన్నాకే కాల్చాలని ఒప్పందం.

పోగ్ రెండుకే కాల్చేశాడు.

గుండు గొంతులో దిగింది. బర్డెట్ నెత్తురు కక్కుకుంటూ ‘మూడు’ అనబోయి, అనలేకే పోయాడు. వాళ్లని పడవలో తెచ్చింది మామే.

మా కెంటకీలో శాసనసభలో కూర్చోవాలంటే ‘నేను ద్వంద్వయుద్ధం చెయ్యలేదు’ అని ప్రమాణం చెయ్యాలి. అబద్ధమని తేలితే సీటూ పోతుంది, లాయరు పట్టా పోతుంది. పోగ్ సిగ్గులేకుండా రెండుసార్లు ప్రమాణం చేశాడు. మళ్లీ గెలిచాడు. మూడో ప్రమాణానికి ముందురోజు, చీకటి పడ్డాక, అవతలి ఒడ్డున పోగ్ వచ్చి మామ పడవెక్కాడు. ఒళ్లో పిస్తోలు. నది నిండా పొగమంచు...

“ఎబెన్, ఆ రోజు నువ్వేం చూశావు?”

“చేపల్ని చూశాను లాయరు గారూ.”

“ఇకముందు కూడా చేపల్నే చూడు.”

తిన్నె దగ్గర పడవ ఇసుకకి రాసుకుంది. మామ గడ దించాడు. దాని మీద అడుగడుగుకీ గీతలుంటాయి.

“ఒకటి...”

“నోర్ముయ్!”

“లోతు చూస్తున్నానండీ. రెండు—”

ఢాం!

మామ దవడ ఎగిరిపోయింది. నీళ్లలో పడ్డాడు. నెత్తురు మింగుతూ తల పైకెత్తేసరికి... తిన్నె మీంచి ఎవరో, తీరిగ్గా—

“మూడు.”

ఇంకో ఢాం. పోగ్ గొంతుకి చిల్లు పడి పడవలో గిలగిలా తన్నుకున్నాడు. పడవలో ఉన్నది ఒకే పిస్తోలు, ఒకే గుండుది. అదీ అతని చేతిలోనే ఉంది.

అయినా మామని ఉరి తియ్యాల్సిందేనని పోగ్ మనుషులు పట్టుబట్టారు. ఒడ్డున ఉన్నవాళ్లు లెక్క మొత్తం విన్నారు మరి!

“ఒకటి అన్నది నువ్వేనా?” అడిగారు జడ్జి గారు.

మామ తలూపాడు.

“రెండు?”

తలూపాడు.

“మూడు?”

మామ మొహానికి చుట్టుకున్న గుడ్డ విప్పాడు. జడ్జి గారు చూపు తిప్పేసుకున్నారు. మామ పలక మీద నెమ్మదిగా రాసి పైకెత్తాడు—

‘అప్పటికి నాకు నోరు లేదు.’