ఆపరేషన్ పెటీ బుషే

"కాఫీ బాగానే ఉందిరా, నువ్వూ పోసుకో," అన్నాడు భాస్కర్.

అవే అతని ఆఖరి మాటలు. షికాగో హోటల్ గదిలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. ఎదురుగా ఉన్న తోటి ఏజెంట్ సత్యానందానికి ఆ కాఫీ వాసనలో ఏదో తేడా ఉందని అర నిమిషం ముందే అనిపించింది. తప్పయితే నవ్విపోతారని నోరు మూసుకున్నాడు. ఛీ, ఎంత చిన్న సిగ్గు! దానికి నిండు ప్రాణం పోయింది.

పదకొండు నెలల తర్వాత, 1983 జులైలో, వాషింగ్టన్‌లో చీఫ్ అతని ముందు ఒక ఫైల్ పడేశాడు.

"టార్గెట్ దైవాశీర్వాదం. మిసైల్ గైడెన్స్ ఇంజనీర్. కాలిఫోర్నియా, లోడై."

"తెలుగువాడా?"

"మీ బాపట్లవాడే. ఒక ఫారిన్ రింగ్ అతనికి మత్తుమందిచ్చి ఎత్తుకుపోవాలని చూస్తోంది. షికాగో ముఠానే. అక్కడా చంపాలనుకోలేదు, డోస్ ఎక్కువైంది. ఇతను గుండెజబ్బు మనిషి. ఆ మందు పడితే బతకడు."

సత్యానందం ఫైల్ తెరిచాడు.

"నీ కవర్, ద్రాక్షతోటల ఇన్‌స్పెక్టర్. అక్కడ మన మనిషి లూసీ ఉంది. దైవాశీర్వాదం వెళ్ళే తెలుగు చర్చిలోనే పెరిగింది."

లూసీ అతనికి తెలుసు. షికాగోలో భాస్కర్ శవం పక్కన అతని భుజంమీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చిన మనిషి. నల్లకళ్ళద్దాలు, ఎర్ర కన్వర్టిబుల్, చూసినవాళ్ళు మళ్ళీ చూసే అందం.

లోడైకి భాస్కర్ కూడా వచ్చాడు. కారులో పక్క సీట్లో కూర్చుంటాడు. మోటెల్ అద్దంలో వెనకాల కనిపిస్తాడు. దెయ్యాలున్నాయంటే ఒప్పుకోని బాప్టిస్టు కుటుంబంలో పుట్టిన సత్యానందం ఎవరికి చెప్పుకుంటాడు? ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం, "సారీరా," అనేవాడు.

కవర్ కోసమే అయినా ఉద్యోగం శ్రద్ధగా చేశాడు. మొదటి వారమే ఒక సంగతి తెలిసి ఆశ్చర్యపోయాడు. నల్లద్రాక్ష ఏది పిండినా రసం పాలిపోయి వస్తుంది. రంగంతా తొక్కలో ఉంటుంది, రోజుల తరబడి తొక్కతో నానితేగాని వైన్ ఎర్రబడదు. చర్చి వెనక కంచెమీద పాకిన తీగ మాత్రం వేరే రకం. దాని పేరు పెటీ బుషే. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పాత జాతి, తోటలవాళ్ళు ఏనాడో మర్చిపోయారు. దాని గుజ్జే ఎరుపు. వేళ్ళమధ్య నొక్కితే చాలు, చెయ్యంతా ఎర్రగా అయిపోతుంది.

ఆ చర్చిలో వైన్ ముట్టరు. కాపున్నన్నాళ్ళూ పాస్టర్‌గారి భార్య జ్ఞానమ్మ, క్రీస్తు ఆఖరి విందుని తలుచుకుని అందరూ ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల ఉన్న ఆదివారం పొద్దున్నే ఆ కాయలు కోసి పిండి, గుడ్డలో వడకట్టేవారు. కొట్టు సీసాలను గడప తొక్కనిచ్చేవారు కాదు. దాంతో ఆ సంఘంలో పెరిగినవాళ్ళందరికీ ఏ నల్లద్రాక్ష పిండినా ఎర్రరసమే వస్తుందని గట్టి నమ్మకం. ఇంకో రకం పిండి చూసే అవసరం వాళ్ళకెప్పుడు వచ్చింది కనుక!

ఆగస్టు చివర్లో స్థలం ఓనరు పార్కింగ్ కోసం ఆ తీగను కాస్తా పీకించేశాడు. జ్ఞానమ్మ ఉసూరుమన్నారు.

"డోంట్ వరీ ఆంటీ," అంది లూసీ. "మా బ్యాక్‌యార్డ్‌లో జిన్‌ఫాండెల్ నల్లద్రాక్ష ఉందిగా. సండే మార్నింగ్ నేనే పిండి తెస్తా."

"అమ్మా తల్లీ, ఆ గోళ్ళతోనే?"

అందరూ నవ్వారు. లూసీ కూడా నవ్వింది.

సెప్టెంబరు మొదటి ఆదివారం. పిల్లలు పక్క బిల్డింగ్‌లో సండేస్కూల్లో ఉన్నారు. పెద్దవాళ్ళు ముప్ఫైరెండుమంది. చిన్న చిన్న గ్లాసులున్న ట్రే వరసల వెంట నడిచింది. ఇక్కడ ఎవరికి వాళ్ళు తాగెయ్యరు. అందరి చేతుల్లోకీ వచ్చాక, పాస్టర్‌గారు చెప్పినప్పుడు కలిసి తాగుతారు. ముందు వరసలో దైవాశీర్వాదం గ్లాసు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

సత్యానందం తన గ్లాసులోకి చూశాడు. చిక్కటి ఎరుపు.

పొద్దున పిండిన జిన్‌ఫాండెల్‌కి ఈ రంగు రాదు. మహా అయితే గులాబీ చాయ. లూసీ పిండలేదు. అబద్ధం చెప్పింది.

కిటికీలోంచి చూస్తే, ఆదివారంనాడు పార్కింగ్‌లో కార్పెట్లు శుభ్రంచేసే కంపెనీ వ్యాన్! ఇంజన్ ఆన్‌లోనే ఉంది.

వాచీ కీ నొక్కాడు. అది సిగ్నల్. బ్యాకప్ రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. పాస్టర్‌గారి ప్రార్థన నిమిషంలో ముగుస్తుంది.

బద్ధకమేసి కొట్లో కొనుక్కొచ్చిందేమో? వ్యాన్ మరెవరికోసమో వచ్చిందేమో? నిండు ఆరాధనలో లేచి అరిచి, తప్పయితే? ఆ పాత సిగ్గే మళ్ళీ మెడ పట్టుకుంది. పక్కన భాస్కర్ కూర్చుని ఉన్నాడు. అతనివంకే చూస్తున్నాడు.

"అందరం కలిసి..." అన్నారు పాస్టర్‌గారు. ముప్ఫై గ్లాసులు పైకి లేచాయి.

"అయ్యగారూ, ఆగండి! నాకు లూసీమీద కోపముంది!"

ఎక్కడి గ్లాసులు అక్కడ ఆగిపోయాయి. ఆ సంఘంలో అదో కట్టుబాటు. మనసులో కోపం పెట్టుకుని ఎవరూ బల్లలో పాలుపొందకూడదు. ఉన్నవాళ్ళు లేచి చెప్పాలి, ఇద్దరూ చేతులు కలిపి ముందు తాగాలి, అప్పుడే మిగతావాళ్ళు. పోయిన నెల ఒక ప్రెషర్ కుక్కర్ తగాదా తీరేదాకా సంఘమంతా ఆరు నిమిషాలు గ్లాసులు పట్టుకుని నిలబడింది.

"నామీదా? వాట్ డిడ్ ఐ డూ, అంకుల్?" అంది లూసీ.

"ముందు తాగమ్మా, తర్వాత చెప్తా." సత్యానందం దగ్గరికెళ్ళి చెయ్యి చాపాడు.

లూసీ గ్లాసు పెదాలదాకా తెచ్చింది. పెదాలు విచ్చుకోలేదు.

"తాగు తల్లీ," అన్నారు జ్ఞానమ్మ. "నువ్వు పిండిందేగా!"

లూసీ గ్లాసు జారవిడిచి, పర్సులోంచి లిప్‌స్టిక్ తీసింది. దాని కొసన సన్నటి గొట్టం ఉంది. సత్యానందం తన చేతిలో రసం ఆమె కళ్ళలోకి కొట్టాడు. ఆ లిప్‌స్టిక్ తుపాకీ ఢామ్మని పేలి, పైన ట్యూబ్‌లైట్ ముక్కలైంది. ఆమె చెయ్యి వెనక్కి విరిచాడు.

"ఎవరూ తాగకండి! కింద పెట్టెయ్యండి!"

బయట టైర్లు కీచుమన్నాయి. బ్యాకప్ వ్యాన్‌ని చుట్టేసింది.

"ఎర్రగానే ఉందిగా!" అంది లూసీ పళ్ళబిగువున. "ఎలా తెలిసింది?"

"అందుకే తెలిసింది."

"భాస్కర్ చచ్చిపోవాలని అనుకోలేదు, సత్యం. నిజంగా."

అతనికి ఒళ్ళు మండిపోయింది. ఆ క్షణంలో ఆమె మెడ విరిచెయ్యాలనిపించింది. ఏజెంట్లు వచ్చి ఆమెను తీసుకెళ్ళాక గోడకి ఆనుకుని ఏడ్చాడు.

దైవాశీర్వాదం ఇంకా గ్లాసు పట్టుకునే ఉన్నారు. "అయితే ఇది తాగొద్దంటారా?" అని అడిగారు పాపం.

తర్వాతి ఆదివారం, ఆగిపోయిన బల్ల కోసం జ్ఞానమ్మ ఎండుద్రాక్ష నానబెట్టి రసం తీశారు. దైవాశీర్వాదం గ్లాసు తీసుకున్నారు. ట్రే సత్యానందం దాకా వచ్చేసరికి జ్ఞానమ్మ వెనక వరసలోంచి లేచి వచ్చి చెయ్యి అడ్డం పెట్టారు.

"నీకు లేదు బాబూ."

"అదేంటమ్మగారూ!"

"ఆ పిల్లమీద కోపముందని నిండు సభలో చెప్పావు. సమాధానపడ్డావా?"

"అది ఆపరేషన్‌లో భాగమండీ."

"నాకవన్నీ తెలీవు. కోపం ఉందా, లేదా?"



"ఉందండీ. చాలా ఉంది."

"మరైతే వెళ్ళి కలిసిరా. అప్పటిదాకా నీ గ్లాసు పక్కన తీసిపెడతాను."

సోమవారం ఫైనల్ రిపోర్ట్ పంపేసి, ఫెడరల్ జైలుకి ఫోన్ చేసి విజిటింగ్ అవర్స్ అడిగాడు. అవతల గార్డు ఫారం నింపుతున్నాడు.

"ఖైదీకి మీరేమవుతారు?"



"ఒకే చర్చి," అన్నాడు.