పచ్చ చిలకల ఆట

1987 నవంబరు 19. ఆ పొద్దున ఎస్సై సదాశివ తిన్నది రెండు జొన్నరొట్టెలు, పుంటికూర. చేయి కడుక్కుంటుండగానే జహీరాబాద్ స్టేషన్‌కు ఫిర్యాదు వచ్చింది.

సిద్దప్ప అల్లం వ్యాపారి. టీవీకి తగిలించి ఆడుకునే ఆట డబ్బాలు తయారు చేద్దామని ఊరి బయట షెడ్డు వేశాడు. హైదరాబాద్ ఇంజనీర్ మదన్‌మోహన్‌ను పెట్టుకున్నాడు. పెద్ద కంప్యూటర్ మీద ఆడే చిలకల ఆటను ఈ చిన్న డబ్బాలోకి దించడం అతని పని.

ఆట ఎక్కించిన చిప్ మాయమైంది. మర్నాడే డీలర్ వచ్చి ఆడి చూస్తాడు.

తాళం పగల్లేదు. తాళంచెవి వాచ్‌మన్ నాగప్ప దగ్గరుంది. సదాశివ ఇంకో మాట అడగలేదు. అతన్ని తెచ్చి స్టేషన్ వరండాలో కింద కూర్చోబెట్టాడు.

"చిప్ అంటే ఎట్లుంటదో గూడ తెల్వది సార్. నా బిడ్డ అత్తగారోళ్లు కోహీర్ నుంచి ఈ దారినే వస్తరు. జర లోపల కూసుంట సార్."

ఒక కానిస్టేబుల్ అతన్ని లోపలికి జరిపి చాయ్ ఇచ్చాడు. సదాశివకు ఆ బుద్ధి పుట్టలేదు.

సాయంత్రం నాలుగింటికి షెడ్డులో విచారణ.

"ఆట ఎవరెవరు చూశారు?"

"అందరం. మొన్న సోమవారం," అన్నాడు సిద్దప్ప.

"ఆడింది?"

"మదన్‌మోహన్ సాబ్ ఒక్కడే. హ్యాండిల్ మాకియ్యలే."

సిద్దప్ప భార్య చెన్నమ్మ నవ్వింది. "మస్తుండె సార్! జొన్నచేన్ల పచ్చ చిలకలు, ఎర్ర ముక్కులు. మా ఆయన వడిసెల తిప్పితే ఒక్కటి గూడ పడదు. అండ్ల ఒకటెన్క ఒకటి పడ్డయి."

"నా వడిసెల సంగతి ఇప్పుడెందుకే?"

సదాశివ డబ్బా స్విచ్ వేశాడు. అందులోనే ఉన్న బ్యాటు, బంతి ఆట కలర్ టీవీ తెర మీదికి వచ్చింది. నలుపు మీద తెలుపు.

"మదన్‌మోహన్ గారూ, ఈ డబ్బా ఎన్ని రంగులు చూపిస్తుంది?"

"నలుపు, తెలుపు."

"చిప్ మారిస్తే?"

"అంతే. రంగు పుట్టించే సర్క్యూటే లేదు."

"మరి చెన్నమ్మగారు చూసిన పచ్చ?"

మదన్‌మోహన్ తల వంచుకున్నాడు.

"వీడియో క్యాసెట్ సార్. పెద్ద కంప్యూటర్ మీద ఆడి రికార్డ్ చేశాను. బల్ల కింద వీసీఆర్ దాచాను. హ్యాండిల్ ఊరికే తిప్పాను. ఈ డబ్బా మెమరీలో చేను పడితే చిలక పట్టదు, చిలక పడితే చేను పట్టదు. నా వల్ల కాదని చెప్పడానికి సిగ్గేసింది. రేపు డీలర్ ఆడితే బయటపడుతుందని చిప్ నేనే తీశాను."

జేబులోంచి చిప్ తీసి బల్ల మీద పెట్టాడు. ఖాళీ చిప్.

"సిగ్గు నీది. ఠాణల కూసున్నది నాగప్ప," అన్నాడు సిద్దప్ప. గొంతు పెంచలేదు. "డీలర్‌కు ట్రంకాల్ చేస్త. ఆట రద్దయిందని చెప్త."

ఆ మాట సదాశివకూ తగిలింది. పొద్దున తాళంచెవి చూశాడే గాని, తెర మీద ఏం చూశారని ఎవర్నీ అడగలేదు.

స్టేషన్‌కు వెళ్ళి నాగప్పను తనే జీపులో ఎక్కించుకున్నాడు.

"తప్పయింది నాగప్పా."

"నాకేం చెప్తరు సార్. బజార్ల చెప్పున్రి."

సదాశివ బజార్లో జీపు ఆపి దిగాడు. చాయ్ హోటల్ ముందు, పదిమంది వింటుండగా అదే మాట మళ్ళీ అన్నాడు.

షెడ్డు చేరేసరికి చీకటి పడింది. మదన్‌మోహన్ ఇంకా లోపలే, అరచేతుల్లో ముఖం పెట్టుకుని ఉన్నాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు తొంగిచూస్తున్నారు.

నాగప్ప అతన్ని కాసేపు చూశాడు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, బయట స్టూలు మీద కూర్చున్నాడు.